ఏటిపట్నం పరగడుపు

మా ఏటిపట్నం మునిసిపాలిటీకి అవార్డుల జబ్బుంది. షుగరుకీ, బీపీకీ, థైరాయిడ్‌కీ పరీక్షలున్నాయి గానీ ఈ జబ్బుకి ఇంతవరకూ ఎవరూ పరీక్ష కనిపెట్టలేదు. కనిపెట్టినా మావాళ్ళు చేయించుకోరు. చేయించుకుంటే ఉందని తేలుతుంది. తేలితే మందు వాడాలి. మందు వాడితే అవార్డులు రావు.

ఆమధ్య 'దోమలు లేని పట్టణం' అవార్డు వచ్చింది. దోమలు ఎక్కడికీ పోలేదు. దోమల్ని లెక్కపెట్టే ఉద్యోగిని మరో ఊరికి బదిలీ చేశారు, అంతే. ఆ షీల్డు కమిషనర్‌గారి గదిలో గోడకి వేలాడుతోంది. దాని వెనక దోమలు పిల్లాపాపలతో కాపురం ఉంటున్నాయి.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు వీర్రాఘవులు. సర్క్యులర్లూ, ప్రెస్ నోట్లూ, సన్మాన పత్రాలూ రాయడం నా పని. కాబట్టి మా ఊళ్ళో ఏం జరిగినా దాని రాతకోతలు నా చేతి మీదుగానే వెళ్తాయి. ఈ పరగడుపు వ్యవహారం కూడా అలాగే వెళ్ళింది.

రాజధాని నుంచి ఈసారి 'మధుమేహ రహిత పట్టణం' అనే అవార్డు ప్రకటించారు. పట్టణ ప్రజలకి విస్తృతంగా షుగరు పరీక్షలు చేసి, వ్యాధిని అదుపులో పెట్టిన మునిసిపాలిటీకి ఇస్తారట. ఆలోచన మంచిదే. ఎవరో బుద్ధిమంతుడే చేసుంటాడు. అయితే మంచి ఆలోచన రాజధానిలో బయల్దేరి మా కమిషనర్ ఫణీంద్రకుమార్‌గారి బల్ల మీదికి చేరేలోపు దాని ముఖం దానికే గుర్తుపట్టరానట్టు మారిపోతుంది.

కమిషనర్‌గారు మీటింగు పెట్టారు. మునిసిపల్ ఆసుపత్రి డాక్టరు మేరీ సుగుణగారు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ గణపతిరాజు, మిగతా విభాగాల వాళ్ళు, ఓ మూలన కాగితాలతో నేను.

"షుగరు చప్పుడు చెయ్యకుండా వచ్చే జబ్బండీ" అన్నారు డాక్టరుగారు. "ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలీదు. కాలి పుండు మానకపోతేనో, చూపు మసకబారితేనో నా దగ్గరికొస్తారు. అప్పటికి సగం నష్టం జరిగిపోయుంటుంది. ముందే ఒక్క రక్తం చుక్క చూస్తే ఆ గొడవంతా తప్పుతుంది. వార్డువారీగా రోజుకి కొంతమందిని పిలుద్దాం. తెల్లారగానే రక్తం తీసేసి ఇళ్ళకి పంపేద్దాం. ఉందని తేలినవాళ్ళకి ఆ రోజే మందు మొదలుపెడదాం."

కమిషనర్‌గారు కళ్ళు మూసుకుని విన్నారు. వినడం పూర్తయ్యాక తెరిచారు.

"వైద్యపరమైన అభిప్రాయాన్ని ఈ సభ సాదరంగా స్వీకరించింది" అన్నారు. "ఇక పరిపాలనాపరమైన అంశాల్లోకి వెళదాం. మంత్రిగారిని ముఖ్య అతిథిగా ఆహ్వానిస్తున్నాం. పట్టణ ప్రజలందరికీ ఒకే రోజు, ఒకే ప్రాంగణంలో, ఏకకాలంలో సామూహిక పరగడుపు పరీక్ష. మొదటి రక్తపు చుక్క మంత్రిగారి అమృతహస్తాలతో తీయబడుతుంది. ఆ తరువాతే మిగతావారిది."

"రక్తం తియ్యడానికి మంత్రిగారెందుకండీ?" అన్నారు డాక్టరుగారు.

"డాక్టరుగారూ, రక్తం తీయడం వైద్యం. రక్తం తీయడాన్ని ప్రారంభించడం పరిపాలన. ఒకరి పరిధిలోకి ఒకరు రాకుండా ఉంటే వ్యవస్థలు పటిష్ఠంగా ఉంటాయి."

డాక్టరుగారు ఒక్క సంగతి మాత్రం పట్టుబట్టి చెప్పారు. షుగరు మాత్రలు వాడేవాళ్ళు ఆ పొద్దున మాత్ర వేసుకోకూడదు, వేసుకుంటే వెంటనే తినాలి, మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే షుగరు అడుగంటిపోయి మనిషి పడిపోతాడు, ప్రాణం మీదికొస్తుంది అన్నారు. నేను ఆ మాట సర్క్యులర్‌లో రాశాను. కమిషనర్‌గారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు.

"వీర్రాఘవులుగారూ, ఒకే ఆదేశంలో 'తినకూడదు' అనీ, 'తినాలి' అనీ రెండూ ఉంటే ప్రజలు అయోమయానికి గురవుతారు. ప్రభుత్వం ఒక్క మాట మీద ఉండాలి. 'తినకూడదు' ఉంచండి."

ఉంచాను. ఏలినవారి ఎర్ర సిరా ముందు నా నల్ల సిరా ఏపాటిది!

ఇక మొదటి చుక్క ఎవరిది అనే ప్రశ్న వచ్చింది. ఊరందరికీ తెలిసిన మనిషై ఉండాలి, షుగరు ఉన్నట్టు అందరికీ తెలిసుండాలి, ఫొటోలో బాగా పడాలి. గణపతిరాజు నావైపు చూసి పళ్ళికిలించాడు.

"మన వీర్రాఘవులుగారి అక్కగారున్నారు గదండీ, అచ్చియ్యమ్మగారు. బస్టాండు దగ్గర ఆవిడ పెసరట్టు తినని మొగోడు ఈ ఊళ్ళో లేడండి. ఆవిడికి షుగరని కూడా అందరికీ తెలుసండి."

"ప్రథమ లబ్ధిదారు" అని కమిషనర్‌గారు ఖాయం చేసేశారు.

అచ్చియ్యమ్మ నా సొంత అక్క. బావ పోయినప్పటినుంచీ ఆ అట్లపెనమే ఆవిడకి ఆధారం. షుగరొచ్చి చాలా ఏళ్ళయింది. మునిసిపల్ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రల మీద బండి లాగిస్తోంది. పొద్దున్నే మాత్ర, ఆ వెంటనే రెండు ఇడ్లీలు. ఈ రెండిట్లో ఏది తప్పినా మా అక్క మాకు దక్కదని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు. ఆవిడ తప్పలేదు, నేను తప్పనివ్వలేదు.

లబ్ధిదారు సంగతి చెబితే అక్క ముఖం వెలిగిపోయింది. "నా ఏలు మంత్రిగారు పట్టుకుంటారా? అయితే చిలకపచ్చ చీర కట్టుకుంటాన్రా తమ్ముడూ" అంది.

"చీర సంగతి సరే. ఆ పొద్దున మాత్ర వేసుకోకు. పరీక్షయ్యాక, తినబోయే ముందు వేసుకుందువుగాని" అన్నాను.

"అలాగేలేరా" అంది, పెట్టెలో చీర వెతుక్కుంటూ.

ముందురోజు సాయంత్రం నుంచే పరగడుపు అమల్లోకి వచ్చింది. చెత్త ట్రాక్టరుకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. "పట్టణ ప్రజలారా! రేపు మన పట్టణం యావత్తూ పరగడుపున ఉండవలసిన చారిత్రక సందర్భం. రాత్రి భోజనానంతరం మంత్రివర్యుల రాక వరకూ ఎట్టి పదార్థమూ నోటిలో వేసుకొనరాదు. పరగడుపును ఉల్లంఘించినవారు పథకానికి అనర్హులు." మైకు ఆగిన చోటల్లా ట్రాక్టరు వాసన మాత్రం అక్కడే ఉండిపోవడంతో కొందరికి ఆకలి ఆ పూటే పోయింది.

తెల్లారేసరికి 'పరగడుపు పరిరక్షణ దళం' రంగంలోకి దిగింది. దానికి గణపతిరాజు నాయకుడు. హోటళ్ళకీ, టీ బడ్లకీ, బజ్జీల బళ్ళకీ సీళ్ళు వేశారు. అందరికన్నా ముందు వేసిన సీలు అక్క పెసరట్ల కొట్టుకి. ఇళ్ళల్లో ఎవరేం తింటున్నారో తెలుసుకోవడానికి గణపతిరాజు ఒక పద్ధతి కనిపెట్టాడు. ముక్కు బాగా పనిచేసే మనుషుల్ని ఏరి వీధివీధికీ పంపాడు. ఎక్కడ పోపు వాసన వస్తే అక్కడ తలుపు కొట్టడమే. బ్రాహ్మణవీధిలో ఇంగువ వాసన పట్టుకుని ఒక ఇంట్లోకి దూరితే అక్కడ ముసలాయన కడుపు నొప్పికి బొడ్డు మీద ఇంగువ రాసుకుని పడుకున్నాడు. "పొట్ట మీద రాసుకుంటే ఫర్వాలేదు, లోపలికి పోకూడదు" అని హెచ్చరించి వచ్చారు. ఆలయంలో పులిహోర ప్రసాదాన్ని స్వాధీనం చేసుకుని ఆఫీసు స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేశారు. చంటిపిల్లల పాలు పరగడుపు కిందికి వస్తాయా రావా అని ఒక తల్లి అడిగితే, పై అధికారుల వివరణ కోరుతున్నామనీ, అంతవరకూ పిల్లవాడు సంయమనం పాటించాలనీ చెప్పారు. ఆ పిల్లవాడు సంయమనం పాటించలేదు. ఆ వీధంతా వాడి ఏడుపు విని మెచ్చుకుంది.

హైస్కూలు మైదానంలో షామియానాలు వేశారు. ఊరు ఊరంతా వచ్చి కూచుంది. నా డ్యూటీ చీకటితోనే మొదలవడంవల్ల నేను అక్కని అక్కడే చూశాను. చిలకపచ్చ చీర కట్టుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, 'ప్రథమ లబ్ధిదారు' అన్న బ్యాడ్జీతో ముందు వరస కుర్చీలో దర్జాగా కూచుంది.

"మాత్ర వేసుకోలేదు గదా?" అని అడిగాను.

అక్క నాలుక కరుచుకుంది. "మింగేసేనురా! ఇన్నేళ్ళ అలవాటు, లేవగానే చెయ్యి అటే పోయింది. ఏటవుద్దిలే, మంత్రిగారు పొద్దున్నే వచ్చేత్తారంట గదా!"

కమిషనర్‌గారి దగ్గరికి పరుగెత్తాను. మంత్రిగారు ఎప్పుడొస్తారండీ అని అడిగాను.

"బయలుదేరారు" అన్నారాయన.

బయలుదేరారు అనేది మా పరిపాలనలో ఒక కాలం. వర్తమానం, భూతం, భవిష్యత్తు మామూలు మనుషులకి. బయలుదేరారు, దారిలో ఉన్నారు, వచ్చేస్తున్నారు అనేవి మంత్రులకి. వీటిలో ఏదీ రావడానికి సంబంధించింది కాదు.

ఎండ ఎక్కింది. షామియానా గుడ్డలోంచి వేడి కిందికి దిగుతోంది. 'వేచి ఉండే ప్రజల మానసికోల్లాసం కోసం' ఏర్పాటు చేసిన సాంస్కృతిక కార్యక్రమం మొదలైంది. స్కూలు పిల్లలు నాట్యం చెయ్యబోయి మధ్యలో ఇద్దరు కూలబడ్డారు. దాంతో సాంస్కృతిక కార్యక్రమాన్ని ఉపన్యాసాలుగా మార్చారు. ఉపన్యాసం ఇవ్వడానికి కడుపులో ఏమీ ఉండక్కర్లేదు. తలలోనూ ఉండక్కర్లేదని ఆ రోజు విన్నవాళ్ళకి తెలిసింది. ఒక కౌన్సిలర్‌గారు పరగడుపు మన ప్రాచీన సంస్కృతి అన్నారు. ఇంకొకాయన ఆకలి అనేది మనస్సు చేసే మాయ అని సెలవిచ్చి, వేదిక వెనక్కి వెళ్ళి మూతి తుడుచుకుంటూ వచ్చారు.

వేదిక సంగతి చెప్పాలి. వేదిక మీద పెద్ద బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద జీడిపప్పు, లడ్డూలు, మూతలు పెట్టిన గ్లాసుల్లో బాదంపాలు. ఇదేమిటండీ అని ఒకాయన అడిగితే కమిషనర్‌గారు ఓపిగ్గా వివరించారు: "వేదిక ప్రోటోకాల్ పరిధిలోకి వస్తుంది. పరగడుపు పరిధిలోకి రాదు."

మైదానంలో ఒక పక్కన తాడు కట్టి 'భుజించినవారి శిబిరం' అని బోర్డు పెట్టారు. తింటూ దొరికిపోయినవాళ్ళని అందులో కూచోబెట్టి అవమానించాలని గణపతిరాజు ఉద్దేశం. మొదట్లో వాళ్ళు తలలు దించుకునే కూచున్నారు. ఎండ ముదిరేకొద్దీ తాడు ఇవతలివాళ్ళు వాళ్ళవంక కుళ్ళుగా చూడసాగారు. కాసేపటికి నేనూ తిన్నానంటే నేనూ తిన్నానని జనం తాడు దాటడం మొదలెట్టారు. గణపతిరాజు ఒక్కొక్కరి నోరూ వాసన చూసి, తిన్న రుజువు లేనివాళ్ళని బయటికి గెంటాడు.

"మంత్రిగారు ఎక్కడున్నారండీ?" అని మళ్ళీ అడిగాను.

"దారిలో ఉన్నారు. కార్యకర్త ఇంట్లో అల్పాహారానికి ఆగారు."

ఊరందర్నీ పస్తు పెట్టి, ఆ పస్తు విప్పవలసిన పెద్దమనిషి దారిలో ఇడ్లీ తింటున్నాడు! ఒక అరటిపండు సంపాదించి అక్క దగ్గరికి బయల్దేరాను. సగం దూరంలో గణపతిరాజు నా చెయ్యి పట్టుకుని పండు లాక్కున్నాడు.

"ఏటండీ ఇది, ఆఫీసోళ్ళు మీరే ఇలా చేత్తే ఎలాగండి! లబ్ధిదారు నోట్లో పండెడితే పరగడుపు పోద్ది. పరగడుపు పోతే మంత్రిగారి చుక్క పోద్ది. చుక్క పోతే నా ఉజ్జోగం పోద్ది."

"మా అక్క పోద్దిరా!" అన్నాను. ఆఫీసులో ఎవర్నీ రా అనని మనిషిని.

"అలాగనకండి, వచ్చేత్తన్నారంట" అన్నాడు వాడు, పండు జేబులో పెట్టుకుంటూ.

నేను వెళ్ళేసరికి అక్క ముఖం నిండా చెమట. చేతులు వణుకుతున్నాయి. కమిషనర్‌గారు ఏర్పాట్లు చూసుకుంటూ అటు వస్తే ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "ఏరా అబ్బాయీ, అట్టు మాడిపోతంటే అలా నుంచుంటావేట్రా, తిరగెయ్యి" అంది. జనం నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అక్క వేళాకోళం ఆడటంలేదు. అక్క అక్కడ లేదు.

డాక్టరుగారు పరుగెత్తుకుంటూ వచ్చి అక్క చెయ్యి పట్టుకుని చూశారు. "షుగరు పడిపోతోంది. తక్షణం తీపి ఏదైనా పట్టాలి. ఎక్కువ షుగరు ఏళ్ళ తరబడి చంపుతుంది, తక్కువ షుగరు ఇప్పుడే చంపుతుంది. తప్పుకోండి" అన్నారు.

కమిషనర్‌గారు అడ్డం నిలబడ్డారు. "డాక్టరుగారూ, ఆవేశపడకండి. కాన్వాయ్ రైల్వేగేటు దాటింది. ఈ దశలో లబ్ధిదారు స్థితిలో ఎటువంటి మార్పూ చేయడానికి వీల్లేదు."

"ఆవిడ స్థితి చచ్చిపోయే స్థితి!"

"మీ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా సమర్పించండి. తప్పక పరిశీలిస్తాం."

అంతలో సైరన్ మోగింది. బాకాలు ఊదారు. మంత్రిగారు వచ్చేశారు. నలుగురు అక్కని కుర్చీతో సహా ఎత్తి వేదిక ఎక్కించారు. పూలదండలయ్యాయి, జ్యోతి వెలిగించారు, ప్రార్థనాగీతం రెండు చరణాలూ పాడారు. మంత్రిగారు అక్క వేలు పట్టుకున్నారు. ఫొటో సరిగ్గా పడలేదంటే వదిలి మళ్ళీ పట్టుకున్నారు. సూది గుచ్చారు. చుక్క వచ్చింది. మీటర్లో ముప్ఫై ఎనిమిది అని పడింది.

డాక్టరుగారు "అయ్యో" అన్నారు. కమిషనర్‌గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఏళ్ళ తరబడి మూడువందలకి అటూఇటూగా ఊగిసలాడిన అచ్చియ్యమ్మగారి షుగరు, మంత్రివర్యుల కరస్పర్శతో, మన మునిసిపాలిటీ కృషితో, ఈ రోజు ముప్ఫై ఎనిమిదికి దిగివచ్చిందని తెలియజేయడానికి గర్విస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. మంత్రిగారు అక్కకి శాలువా కప్పారు. ఆ శాలువా కింద అక్క తల ఓ పక్కకి వాలిపోయింది. కెమెరాలు తళుక్కుమన్నాయి. "నమస్కారం పెడుతున్నారు" అన్నాడెవడో.

ఆ తర్వాత నేను చేసింది నాకు ఆలోచించి చేసినట్టు గుర్తులేదు. వేదిక ఎక్కేశాను. మంత్రిగారు తాగబోతున్న బాదంపాల గ్లాసు ఆయన చేతిలోంచి లాక్కున్నాను. డాక్టరుగారు అక్క తల పట్టుకున్నారు, నేను కొంచెం కొంచెంగా పట్టాను. మొదటి గుక్క పెదాల మీంచి కారిపోయింది. రెండోది మింగింది. గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకో గ్లాసు లాక్కున్నాను, అది పార్లమెంటు సభ్యులవారిదట. దాని సగంలో అక్క కళ్ళు తెరిచి, "ఇందులో ఏలక్కాయలు ఎక్కువేసేర్రా" అంది. నా జన్మలో అంత తియ్యటి మాట వినలేదు.

మర్నాడు నాకు మెమో వచ్చింది. 'అమాత్యులవారి నిమిత్తం ఉద్దేశించిన బాదంపాలను అనధికారికంగా దారిమళ్ళించుట. షుగరు నిర్మూలన వేదికపైననే లబ్ధిదారునకు షుగరు అందజేసి పథక లక్ష్యాలను భగ్నపరచుట' అని రెండు అభియోగాలు. సంజాయిషీ అడిగారు. దప్పికైందని రాసిచ్చాను.

మిగతా ఊరి పరీక్షల మాటేమిటంటారేమో. మంత్రిగారు వెళ్ళాక చూస్తే పరీక్ష చేసే స్ట్రిప్పులు మిగల్లేదు. వేదిక మీదివాళ్ళందరూ ఫొటోల కోసం తలా ఒకటీ రెండూ గుచ్చించుకున్నారు. పొద్దుటినుంచీ మాడిన జనం తాళాలు పగలగొట్టి పులిహోర మీద పడ్డారు. ఫలితాలు రాజధానికి పంపాలి, ఉన్నది ఒక్క ఫలితం. నేను కమిషనర్‌గారిని ఏం రాయమంటారని అడిగాను.

"వీర్రాఘవులుగారూ, మీ ఇంట్లో అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తారు? గిన్నెలో ప్రతి మెతుకూ పట్టి చూస్తారా? ఒక్క మెతుకు చూస్తే చాలదా?"

"చాలండి."

"అచ్చియ్యమ్మగారు మన మెతుకు" అన్నారు.

ఆ మెతుకుతో ఊరంతా ఉడికిపోయింది. ఏటిపట్నంలో షుగరు లేదని తేల్చారు. అవార్డు వచ్చింది. బస్టాండు ఎదురుగా ఆకాశమంత బోర్డు కట్టారు. 'మధుమేహ రహిత ఏటిపట్నం' అన్న అక్షరాల కింద శాలువాతో అక్క బొమ్మ, తల పక్కకి వాల్చి, కళ్ళు అరమూసి. ఎంత ప్రశాంతంగా ఉన్నారో అని దారినపోయేవాళ్ళు అనుకున్నారు. అక్క మాత్రం కొట్టు తలుపు తీసినప్పుడల్లా ఆ బోర్డుకి వీపు పెట్టి అట్లు వేసేది.

అంతటితో ఊరుకుంటే మావాళ్ళు మావాళ్ళే కాదు. షుగరు లేని ఊళ్ళో షుగరు మాత్రలుండటం అవార్డు నిబంధనలకి విరుద్ధమని ఆసుపత్రి నిల్వలన్నీ వెనక్కి పంపించేశారు. అక్క మాత్రల కోసం వెళ్తే కౌంటర్లో కుర్రాడు కిటికీలోంచి బోర్డు చూపించాడు. "మీకు తగ్గిపోయింది గదండీ అచ్చియ్యమ్మగారూ, అంత పెద్దచ్చరాలతో రాసేరు గదా" అన్నాడు.

డాక్టరుగారు కమిషనర్ గదికి వెళ్ళి గట్టిగా అడిగారు. నేనూ పక్కనే ఉన్నాను.

"మాత్రలు ఆగిపోయినవాళ్ళు ఎంతమందో తెలుసా మీకు? కనీసం మళ్ళీ పరీక్షలు చెయ్యనివ్వండి, ఎవరికి ఎంత ఉందో చూద్దాం."

"పరీక్షా!" కమిషనర్‌గారు నిజంగానే అదిరిపడ్డారు. "డాక్టరుగారూ, పరీక్ష చేస్తే వ్యాధి బయటపడే ప్రమాదం ఉంది. అవార్డు వచ్చిన ఊళ్ళో అనుమతి లేకుండా వ్యాధిని కనుగొనడం క్రమశిక్షణారాహిత్యం. పరీక్షల ఆవశ్యకతను ప్రచారం చేయడం మన విధానం. పరీక్షలు చేయడం కాదు."

ఆ వారంలోనే ఆవిడని ఏజెన్సీ ప్రాంతానికి బదిలీ చేశారు. దోమల ఉద్యోగికి పట్టిన గతే పట్టింది. ఊళ్ళోని ప్రైవేటు ల్యాబులకి కూడా షుగరు పరీక్షలు చేయరాదని నోటీసులందాయి. ఆ నోటీసుల ముసాయిదా రాయమంటే ఆ రోజు నేను సెలవు పెట్టాను. వేరేవాళ్ళు రాశారు. లోకంలో రాసేవాళ్ళకి కరువా!

ఇప్పుడు మా ఊరి షుగరువాళ్ళందరూ పక్క టౌనుకి వెళ్ళి పరీక్ష చేయించుకుని, మాత్రలు తెచ్చుకుంటున్నారు. పొద్దున్నే మొదటి బస్సు నిండా వాళ్ళే. కాటరాక్టులూ, కాళ్ళ కట్లూ, చేతిసంచులూ. ఒకరినొకరు చూసుకుని, ఏం ఇటెళ్తున్నారు అని అడక్కుండా తలలూపుకుంటారు. మా అక్క పరీక్ష రోజున మాత్ర వేసుకోకుండా, ఇడ్లీ డబ్బా పట్టుకుని, కొంగున బెల్లం ముక్క ముడేసుకుని ఎక్కుతుంది. నేను సెలవు పెట్టి తోడు వెళ్తాను.

మొన్న వెళ్ళినప్పుడు మా ముందు సీట్లో ఒకాయన కూచున్నాడు. మండే ఎండల్లో తల చుట్టూ మఫ్లరు, నల్లకళ్ళద్దాలు. బస్సు రైల్వేగేటు దగ్గర ఆగిపోయింది. గూడ్సు బండి వెళ్ళాక ఇంకో గూడ్సు బండి వస్తుందన్నారు. కాసేపటికి ఆ మఫ్లరాయన మెడ మీద చెమట ధారగా కారసాగింది. సీటు కమ్మీ పట్టుకున్న చెయ్యి గజగజ వణుకుతోంది.

అక్క ముందుకి వంగి చూసింది. ఎవరు నువ్వని అడగలేదు. కొంగు ముడి విప్పి బెల్లం ముక్క ఆయన నోట్లో పెట్టింది. "నవులు బాబూ, నవిలి మింగు. మాత్రేసుకుని తినకుండా వచ్చేసేవు గదా" అంది. అది కరిగాక డబ్బా మూత తీసి ఇడ్లీ ఒకటి చేతిలో పెట్టింది. ఆయన రెండు ముక్కల్లో తినేశాడు. మఫ్లరు జారింది. కళ్ళద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు.

మా కమిషనర్ ఫణీంద్రకుమార్‌గారు.

బస్సంతా చూసింది. బస్సంతా కిటికీల్లోంచి బయటికి చూసింది.

"ప్రాణం నిలబెట్టారమ్మా" అన్నారాయన, గొంతు పూర్తిగా రాకుండానే. "ఈ విషయం మన మధ్యే ఉండనివ్వండి."

"దాందేవుంది బాబూ, ఉంటాది" అంది అక్క. "మీకూ నాకూ ఒకటే జబ్బు గదా. నా మాటోటి ఇనండి. ఆ డాక్టరమ్మని ఎనక్కి తెప్పించండి. మన ఆసుపత్రిలో మళ్ళీ పరీచ్చలు పెట్టించండి. ఇంతమంది ముసలీముతకా గేట్లకాడ పడి చావకుండా ఉంటారు."

కమిషనర్‌గారికి కాస్త ఓపిక వచ్చింది. వీపు నిటారుగా పెట్టుకుని కూచున్నారు.

"ఆ అంశం ఉన్నతస్థాయిలో పరిశీలనలో ఉందమ్మా" అన్నారు. అని, డబ్బాలో మిగిలిన ఇడ్లీల వైపు చెయ్యి చాపారు.

అక్క డబ్బా మూత పెట్టేసింది.

"ఇదీ పరిశీలన్లోనే ఉంది బాబూ" అంది.